ఉచిత ఉపకరణాల చరిత్ర: దానమిచ్చిన ఆవుకూ పళ్ళు చూడవలసిందే

దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడడం మర్యాద కాదని మన పెద్దలు అన్నారు. ఇచ్చినవాడి మనసు నొచ్చుకుంటుందన్నది వారి భావం. పాడి విషయంలో ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో గాని, ఇంటి కంప్యూటరులోకి ఊరకే వచ్చి చేరే సాఫ్టువేరు విషయంలో మాత్రం చెల్లదు. ఫైళ్ళను కుదించేది, బొమ్మలు చూపేది, పాటలు వినిపించేది, వైరసులను పట్టేది, చెత్త ఊడ్చేది, ఇలా చిన్న చిన్న పనులు చేసిపెట్టే ఉపకరణాలు వేలకొద్దీ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మేలైనవి ఇవీ అంటూ జాబితాలు కూడా కొల్లలుగా దొరుకుతాయి. అయితే జాబితాకు ఆయుష్షు తక్కువ. ఒక ఏడు అందరూ మెచ్చుకొన్న సాఫ్టువేరు మరికొన్నేళ్ళకు చేతులు మారి, బుద్ధి మారి, తీసి పారవేయవలసిన వస్తువైన సందర్భాలు అనేకం. కాబట్టి ఇక్కడ మరొక జాబితా ఇవ్వడంకంటే, ఈ ఉచితం అనేది ఎక్కడ పుట్టి ఎలా నడిచిందో చెప్పుకొంటే, ఎంచుకొనే తీరు దానంతటదే తెలుస్తుందని నా నమ్మకం.

నచ్చితే పంపండి

ఐబీఎమ్ వారి పర్సనల్ కంప్యూటరు 1981లో విపణిలోకి వచ్చింది. ఆ మరుసటి ఏడే అమెరికా పడమటి తీరంలో ఇద్దరు మనుషులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఇంచుమించు ఒకే ఆలోచన చేశారు. ఒకరు ఆండ్రూ ఫ్లూగెల్‌మన్. న్యాయశాస్త్రం చదివి పుస్తక ప్రచురణలోకి వచ్చినవాడు. టెలిఫోను తీగ మీదుగా రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి పీసీ-టాక్ అనే ప్రోగ్రాము రాశాడు. దాన్ని అంగడిలో పెట్టి అమ్మడానికి బదులు, ఎవరైనా నకలు తీసుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, నచ్చితే 25 డాలర్లు పంపండి అని విన్నవించుకొన్నాడు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు ఫ్రీవేర్. రెండవవారు జిమ్ నాఫ్, ఐబీఎమ్ ఉద్యోగి. తమ చర్చి సభ్యుల చిరునామాలు అచ్చువేసుకోవడానికని మొదలుపెట్టిన చిన్న ప్రోగ్రామును పెంచి పీసీ-ఫైల్ అనే సమాచార భాండారంగా తీర్చిదిద్దాడు. ఆయనా నకళ్ళు పంచి, ఇష్టమైనవారు కొంత సొమ్ము పంపమన్నాడు. కొన్నాళ్ళకు ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసింది, ఒకరినొకరు ప్రోత్సహించుకొన్నారు, వెలను కూడా సమానం చేసుకొన్నారు. జిమ్ నాఫ్ తరువాత ఉద్యోగం మానుకొని జిమ్ బటన్ అనే పేరుతో పూర్తిగా ఈ వృత్తిలోకే దిగాడు.

మూడవవాడు బాబ్ వాలెస్. మైక్రోసాఫ్టులో తొలినాటి ఉద్యోగులలో ఒకడు. 1983లో అక్కడినుండి బయటికి వచ్చి పీసీ-రైట్ అనే రాతపని సాఫ్టువేరును తయారుచేశాడు. ఫ్రీవేర్ అన్న పేరును ఫ్లూగెల్‌మన్ తన వాణిజ్య చిహ్నంగా నమోదు చేసుకొని ఉండడంతో, వాలెస్ తన పద్ధతిని షేర్‌వేర్ అన్నాడు. లోకంలో స్థిరపడ్డది ఈ మాటే. ఇందులోని చమత్కారాన్ని గమనించాలి. అందరికీ పంచమన్న సాఫ్టువేరు పేరే ఒకరి సొత్తయి కూర్చుంది. ఉచితం అన్న మాటకు ఎన్ని అర్థాలు ఉండగలవో ఆరంభంలోనే తేలిపోయింది.

ఫ్లూగెల్‌మన్ కథ విషాదాంతం. 1985 జూలైలో ఆయన అదృశ్యమయ్యాడు. ఆయన కారు గోల్డెన్ గేట్ వంతెన దగ్గర దొరికింది. ఆయన నాటిన పద్ధతి మాత్రం ఫ్లాపీల మీద, టెలిఫోను తీగల మీద దేశాలు దాటింది. ఆ తొలి ముగ్గురి ఒప్పందంలో మరుగు ఏమీ లేదన్నది మనం గుర్తుపెట్టుకోదగిన విషయం. రాసినవాడు ఎవరో తెలుసు, అతడు ఏమి ఆశిస్తున్నాడో తెరమీదే రాసి ఉంటుంది, ఇచ్చేదీ మానేదీ వాడుకొనేవాడి ఇష్టం.

జిప్ పుట్టిన కథ

కంప్యూటరు ఉన్న ప్రతి ఇంటిలోనూ తెలిసో తెలియకో వాడుతున్న ఉచిత వస్తువు ఒకటుంది. అది జిప్. దాని పుట్టుక ఒక వ్యాజ్యంలో ఉంది.

1980లలో ఫైళ్ళను కుదించి ఒకటిగా మూటకట్టడానికి ఆర్క్ అనే ప్రోగ్రాము ప్రసిద్ధం. న్యూజెర్సీలోని ఒక చిన్న కుటుంబ సంస్థ, సిస్టమ్ ఎన్‌హాన్స్‌మెంట్ అసోసియేట్స్, దాన్ని 1985లో తెచ్చింది. మోడెము మీద ఒక ఫైలు దించుకోవడానికి గంటలు పట్టే కాలమది, టెలిఫోను బిల్లు నిమిషాల లెక్కన పెరిగే కాలమది. కాబట్టి కుదింపు విలాసం కాదు, నిత్యావసరం. మిల్వాకీ నగరానికి చెందిన ఫిల్ కాట్జ్ అనే యువకుడు అదే పని చాలా వేగంగా చేసే పీకేఆర్క్ తెచ్చాడు. జనం దానివైపు మొగ్గారు. 1988లో ఆర్క్ యజమానులు దావా వేశారు. కాట్జ్ వారి మూలరచనలోని భాగాలను నేరుగా తీసుకొన్నాడని పరిశీలనలో తేలింది. అదే ఏడు రాజీ కుదిరి, కాట్జ్ పరిహారం చెల్లించి ఆ పేరు వదులుకొన్నాడు.

న్యాయం ఆర్క్ పక్షాన ఉన్నా ప్రజాభిమానం కాట్జ్ పక్షాన నిలిచింది. పెద్ద సంస్థ ఒక ఒంటరి కుర్రవాణ్ణి నలిపేస్తున్నదని ఆనాటి వాడుకరులు అనుకొన్నారు. నిజానికి రెండు పక్షాలూ చిన్నవే. ఆ ఆగ్రహం ఎంత న్యాయమైనదన్న ప్రశ్న అలా ఉండగా, కాట్జ్ 1989లో చేసిన పని చరిత్రను మార్చింది. పీకేజిప్ అనే కొత్త ప్రోగ్రాము విడుదల చేస్తూ, జిప్ ఫైలు లోపలి నిర్మాణం ఎలా ఉంటుందో వివరంగా రాసి, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని ప్రకటించాడు. ప్రోగ్రాముకు సొమ్ము అడిగాడు గాని, రూపానికి అడగలేదు.

ఈ తేడాలోనే అసలు కీలకం ఉంది. ప్రోగ్రాము ఒకరిది, ఫైలు రూపం అందరిదీ. అందుచేత 1991లో విన్‌జిప్ రాగలిగింది. ఇన్ఫో-జిప్ అనే స్వచ్ఛంద బృందం దాదాపు ప్రతి రకం యంత్రానికీ ఉచితంగా జిప్ సాధనాలు తయారుచేయగలిగింది. 1999లో రష్యాకు చెందిన ఇగోర్ పావ్‌లోవ్ 7-జిప్ తెచ్చాడు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ జిప్ ఫైలును మామూలు ఫోల్డరులా తెరిచి చూపింది. నేడు మనం వాడే డాక్స్ పత్రాలు, ఓపెన్ ఆఫీసు వారి ఓడీటీ పత్రాలు, ఈపబ్ పుస్తకాలు, ఆండ్రాయిడు ఫోనులోకి ఎక్కించే ఏపీకే ఫైళ్ళు, అన్నీ లోపల జిప్ మూటలే. నమ్మకం కుదరకపోతే ఒక డాక్స్ పత్రానికి నకలు తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడండి.

కుదింపు ఎలా జరుగుతుందో కూడా రెండు మాటలు చెప్పుకొందాం. 1993 నాటి పీకేజిప్ రెండవ రూపంలో స్థిరపడిన డిఫ్లేట్ పద్ధతిలో రెండు ఉపాయాలు కలిసి ఉన్నాయి. మొదటిది 1977లో లెంపెల్, జివ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పినది. ఇంతకు ముందు వచ్చిన పదం మళ్ళీ వస్తే దాన్ని తిరిగి రాయనక్కరలేదు, "ఇంత దూరం వెనక్కి వెళ్ళి ఇన్ని అక్షరాలు తెచ్చుకో" అని గుర్తు పెడితే చాలు. రెండవది 1952లో హఫ్‌మన్ చెప్పినది. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు. రోజూ రాయవలసిన వారాల పేర్లను మన పంచాంగకర్తలు ఆ, సో, మం అని కురచ చేసుకొన్నారు గదా, ఇంచుమించు అదే వరస. తెలుగువారికి ఇందులో ఒక విశేష లాభం ఉంది. యూనికోడు తెలుగును యూటీఎఫ్-8లో దాచినప్పుడు ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండవది రెండే రెండు విలువలలో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్న పాఠం జిప్‌కు పండుగ భోజనం వంటిది. అందుకే తెలుగు పాఠం నిండిన ఫైలు అంత చక్కగా కుదించుకుపోతుంది.

కాట్జ్ 2000 ఏప్రిల్ 14న, మద్యపాన వ్యసనంతో చిక్కి, మిల్వాకీలో ఒక హోటలు గదిలో ఒంటరిగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 37. ఆయన పోయినా ఆయన మూటకట్టిన ఫైళ్ళు నేటికీ ఏ యంత్రంలోనైనా విప్పుకొంటున్నాయి. రూపాన్ని తెరిచి ఉంచడమంటే ఇదే.

ఒంటరి పనివాళ్ళు, విద్యార్థి బృందాలు

1990లలో ఇళ్ళలోకి వచ్చిన ఉచిత ఉపకరణాలలో చాలావాటి వెనుక కంపెనీలు లేవు. బోస్నియాలోని యాయ్‌త్సే నుండి వియన్నాకు చేరిన ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో ఇర్ఫాన్‌వ్యూ విడుదల చేశాడు. బొమ్మలు చూడడానికి, పరిమాణం తగ్గించడానికి, ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చడానికి అదొక్కటే చాలు. ఇంటి వాడుకకు ఉచితం, వ్యాపారానికి వాడేవారు సొమ్ము చెల్లించాలి. ఒక్క మనిషి తన పేరు పెట్టుకొని దశాబ్దాలుగా కాపాడుకొంటూ వచ్చిన పని అది.

అదే 1996లో పారిస్‌లోని ఎకోల్ సంత్రాల్ విద్యార్థులు తమ ప్రాంగణంలోని నెట్‌వర్కు మీద వీడియో ప్రసారం చేయడానికి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. దానినుండి వచ్చినదే వీఎల్‌సీ. 2001 ఫిబ్రవరి 1న పాఠశాల అనుమతితో దాని మూలరచనను జీపీఎల్ అనే స్వేచ్ఛా ఒడంబడిక కింద విడుదల చేశారు. ఏ కోడెక్కు తెచ్చుకోవాలో తెలియక సతమతమయ్యే రోజులలో, ఇచ్చిన ఫైలునల్లా ఆడించిన ఆ నారింజరంగు శంఖువు గుర్తు మనలో చాలామందికి ఆత్మీయం. ఇక్కడ ఉచితం మరొక మెట్టు ఎక్కింది. వాడుకోవడమే గాక, లోపల ఏముందో చూసే హక్కూ, మార్చుకొనే హక్కూ, మార్చినది పంచే హక్కూ కలిసి వచ్చాయి.

ఊడ్చేవాడే పట్టుకుపోతే

ఇంతవరకు చెప్పింది వెలుగు వైపు. ఇంటర్నెట్టు ప్రకటనల సొమ్ము మీద బ్రతకడం నేర్చాక ఉచితానికి నీడ వైపు కూడా ఏర్పడింది.

1988లో చెకోస్లొవాకియాలో పావెల్ బౌదిష్, ఎడ్వర్డ్ కుచేరా అనే ఇద్దరు స్థాపించిన సహకార సంఘం అల్విల్. అవాస్ట్ యాంటీవైరస్ వారిదే. ఇంటి వాడుకకు దాన్ని ఉచితంగా ఇవ్వడంతో ప్రపంచమంతటా కోట్ల యంత్రాలకు చేరింది. 2016లో మరో చెక్ ఉచిత యాంటీవైరస్ ఏవీజీని, 2017లో సీక్లీనర్ తయారుచేసే పిరిఫార్మ్‌ను అవాస్ట్ కొనుగోలు చేసింది. ఆ 2017లోనే ఒక దుర్ఘటన బయటపడింది. సీక్లీనర్ తయారయ్యే చోటనే దుండగులు జొరబడి, సంస్థ స్వయంగా విడుదల చేసిన ప్రతిలోనే దొంగ సంకేతాన్ని కలిపారు. సుమారు 22 లక్షల 70 వేల యంత్రాలలోకి అది చేరిందని సంస్థ ప్రకటించింది. అధికారిక సైటునుండి దించుకొన్నవారూ, బుద్ధిగా తాజా ప్రతికి మారినవారూ అందులో ఉన్నారు.

అది బయటివారు చేసిన ద్రోహం. 2020 జనవరిలో బయటపడ్డది లోపలి వ్యవహారం. అవాస్ట్ అనుబంధ సంస్థ జంప్‌షాట్ ఆ యాంటీవైరస్ ద్వారా సేకరించిన జాల విహార సమాచారాన్ని ఇతర సంస్థలకు అమ్ముతున్నదని పత్రికలు వెల్లడించాయి. ఆ అనుబంధ సంస్థను వెంటనే మూసివేశారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయమై కోటీ 65 లక్షల డాలర్లు చెల్లించమనడమే గాక, ఇకపై అటువంటి సమాచారాన్ని ప్రకటనల కోసం అమ్మరాదని నిర్దేశించింది. ఇతరులు మనపై నిఘా వేయకుండా కాపాడతామన్న సాఫ్టువేరే మన అడుగుజాడలను అమ్ముకొన్నదన్నమాట. మనం ఎక్కడెక్కడ తిరిగామో, ఏ రోగం గురించి వెతికామో, ఏ అప్పు గురించి చదివామో, అన్నీ ఆ సమాచారంలో భాగాలే.

దించుకొనే చోటు కూడా మారిపోగలదు. స్వేచ్ఛా సాఫ్టువేరుకు దశాబ్దంపైగా పుట్టిల్లుగా వెలిగిన సోర్స్‌ఫోర్జ్, 2013 నుండి కొన్ని ప్రోగ్రాముల స్థాపకాలకు అక్కరలేని ప్రకటన సాఫ్టువేరును తగిలించింది. 2015లో గింప్ బొమ్మల సాఫ్టువేరు విషయంలో పెద్ద దుమారమే రేగింది. 2016లో యాజమాన్యం మారాక ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. పేరు అదే, చిరునామా అదే, కాని మధ్యలో కొన్నేళ్ళు అది వేరే చోటు.

తలుపు తెరిచి ఉంటే చాలునా?

మూలరచన బయటపెడితే ఇటువంటివేవీ జరగవని ఒక వాదం ఉంది. అది చాలావరకు నిజం, పూర్తిగా నిజం కాదు.

2004లో వచ్చిన ట్రూక్రిప్ట్ డిస్కును రహస్యలిపిలోకి మార్చి కాపాడే ఉచిత సాధనం. మూలరచన అందరికీ కనబడేది, రచయితలు మాత్రం కనబడేవారు కాదు. 2014 మే నెలలో ఉన్నట్టుండి, ఇది క్షేమం కాదు, వేరేదానికి మారండి అని ఒక ప్రకటన పెట్టి వారు చేతులు దులుపుకొన్నారు. ఆ తరువాత స్వతంత్ర పరిశీలన 2015లో ముగిసింది. కావాలని పెట్టిన దొంగదారి ఏదీ అందులో కనబడలేదు. మూలరచన అందుబాటులో ఉండడంవల్లనే ఆ పరిశీలన సాధ్యమైంది, వెరాక్రిప్ట్ అనే వారసుడూ నిలిచాడు.

ఇక 2024 నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం. ఇదీ కుదింపు సాధనమే కావడం విచిత్రం. లినక్సు యంత్రాలలో విరివిగా వాడే ఈ సాధనాన్ని సంవత్సరాల తరబడి కాపాడుతూ వచ్చినది ప్రధానంగా ఒకే ఒక స్వచ్ఛంద సేవకుడు. అలసిపోయి ఉన్న ఆ మనిషికి సాయం చేస్తానని జియా టాన్ అనే పేరుతో ఎవరో చేరారు. రెండేళ్ళకు పైగా ఓపికగా మంచి పనులు చేసి నమ్మకం సంపాదించి, చివరకు 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యమవుతున్నదేమిటని తవ్వి చూసి, మార్చి 29న లోకానికి చెప్పాడు. తలుపు తెరిచి ఉన్నందుకు పట్టుకోగలిగాడు. కాని అంతవరకు ఆ తలుపులోంచి తొంగిచూసినవారు ఎవరూ లేకపోయారు. ఉచితంగా వాడుకొనే కోట్లమందికీ, కాపాడే ఒక్కడికీ మధ్య ఉన్న ఆ దూరమే ఇక్కడ అసలు రోగం.

మన అక్షరాల సంగతి

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఇంటి కంప్యూటరులో అది కనబడడానికి పదేళ్ళు పట్టింది. ఆ మధ్యకాలమంతా ఇంగ్లీషు అక్షరాల గదులలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్ల రాజ్యం. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒక్కొక్క డీటీపీ కేంద్రానికి ఒక్కొక్క అమరిక. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు పోతే ఇంగ్లీషు అక్షరాల గుప్ప. ఆ రోజులలో టైపు చేసిన కథలూ, వ్యాసాలూ, పరిశోధనలూ ఎన్నో నేడు ఫైలు ఉండి కూడా చదవలేని స్థితిలో ఉన్నాయి. వెతికితే దొరకవు, మరో చోట అతికిస్తే అర్థం కావు. ఉపకరణాన్ని మాత్రమే చూసి రూపాన్ని చూడకపోతే ఏమి పోగొట్టుకొంటామో ఇంతకంటె నిదర్శనం వెతకనక్కరలేదు.

ఈ చెరను విడిపించినవి కూడా ఉచిత ఉపకరణాలే. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీయెస్ లిప్యంతరీకరణ పద్ధతి ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడం నేర్పింది. 1998లో కన్నడం కోసం వచ్చిన బరహ తరువాత తెలుగునూ ఆదరించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా లభించాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది గాని, సంకీర్ణ లిపుల ఫైళ్ళను విడిగా స్థాపించుకోవాలి, అందుకు ఆ సీడీ కావాలి. సీడీ కోసం వీధి వీధి తిరిగినవారికి ఆ కష్టం వివరించనక్కరలేదు. ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకొనే పద్మ పొడిగింపు, పత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడులోకి మార్చి చూపింది. 2006లో వచ్చిన లేఖిని, ఏదీ స్థాపించుకొనే పని లేకుండా, నెట్ సెంటరులో కూర్చుని కూడా తెలుగు రాసుకొనే వీలు కల్పించింది. వీటిలో ఏది ఎన్నాళ్ళు నిలిచినా, వాటితో రాసిన యూనికోడు తెలుగు మాత్రం నిలిచింది. లేఖినిలో రాసినది బరహలో తెరవవచ్చు, ఆనాడు రాసినది ఈనాటి ఫోనులో చదవవచ్చు. కాట్జ్ జిప్‌కు చేసినదే యూనికోడు మన అక్షరాలకు చేసింది.

ఎంచుకొనే తీరు

ఈ నలభై యేళ్ళ అనుభవం నుండి ఇంటి కంప్యూటరుకు పనికివచ్చే ప్రశ్నలు కొన్ని తేలుతాయి.

మొదటిది, అసలు ఇది అవసరమా? జిప్ విప్పడానికి ప్రత్యేక సాధనం నేడు అక్కరలేదు. 2023 నుండి విండోస్ 11 ఆర్ఏఆర్, 7జెడ్ మూటలను కూడా స్వయంగా తెరుస్తున్నది. యాంటీవైరస్ 2012 నాటి విండోస్ 8 నుండి విండోస్‌లోనే ఉంది. రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే సాధనాలను మైక్రోసాఫ్టే సమర్థించదు. ఎస్ఎస్‌డీ డిస్కులకు పాతకాలపు డీఫ్రాగు పనిలేదు. పెట్టుకోని ఉపకరణంవల్ల ప్రమాదమూ లేదు.

రెండవది, ఇచ్చేవాడు ఎలా బ్రతుకుతున్నాడు? విరాళమా, వ్యాపార వాడుకపై రుసుమా, విశ్వవిద్యాలయమా, ప్రకటనలా? సమాధానం స్పష్టంగా రాసి ఉంటే మంచిదే. ఎక్కడా కనబడకపోతే, అమ్ముడుపోతున్నది మనమేనేమో అనుమానించవలసిందే.

మూడవది, దీనితో దాచుకొన్నది రేపు ఇది లేకుండా తెరవగలనా? ఈ ప్రశ్నకు అవునని జవాబు వచ్చినప్పుడు మిగతా పొరపాట్లన్నీ దిద్దుకోదగినవే.

నాలుగవది, ఎక్కడినుండి దించుకొంటున్నాను? తయారీదారు సొంత చోటు తప్ప మరొకటి వద్దు. స్థాపించేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉన్న గడులను చదవకుండా ముందుకు నొక్కవద్దు.

ఐదవది, యజమాని మారాడా? మారిన రోజున పాత మంచిపేరును పక్కనబెట్టి మళ్ళీ మొదటినుండి పళ్ళు చూడాలి. అవాస్ట్, సోర్స్‌ఫోర్జ్ ఉదంతాలు చెప్పేది ఇదే.

చివరిది ప్రశ్న కాదు, బాధ్యత. 25 డాలర్లు పంపమని 1982లో తెరమీద కనిపించిన వినతిని చాలామంది చదివి వదిలేశారు, కొందరు పంపారు. ఆ కొందరివల్లనే ఆ పద్ధతి బ్రతికింది. ఏళ్ళ తరబడి రోజూ వాడుతున్న సాధనం ఒకటి మన యంత్రంలో ఉంటే, దాని రచయితకు ఏడాదికోసారి ఎంతో కొంత పంపడం, అది కుదరకపోతే దోషాన్ని వివరంగా రాసి తెలపడం, తెలుగు అనువాదానికి ఒక చేయి వేయడం మన వంతు. అలసిపోయిన ఆ ఒక్కడికి తోడు దొరికితే, తోడు ముసుగులో దొంగ జొరబడే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది.